కిన్నెరసాని అభయారణ్యం – మన ఊళ్ల చరిత్ర

పోయిన చలికాలంలో మా ఆశ్రమ పాఠశాల ఎనిమిదో తరగతి పిల్లల్ని కిన్నెరసాని చూపించడానికి తీసుకెళ్లాను. పాల్వంచ దాటి యానంబైలు దారి పట్టగానే పిల్లలు బస్సు కిటికీలకు అతుక్కుపోయారు. డ్యామ్ దగ్గర దిగి టికెట్ల కోసం వరుసలో నిలబడ్డాం. గుండాల వైపు గూడెం నుంచి వచ్చి మా బడిలో చదువుకుంటున్న ఒక అమ్మాయి నా చొక్కా పట్టి లాగి, "సార్, మనక్కూడా టికెట్టేనా?" అని అడిగింది.

"అందరికీ టికెట్టే" అని నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. "మా ఊరు కూడా ఈ అడవిలోనే ఉంది కదా సార్. ఇంటికి పోయేటప్పుడు టికెట్టు తీసుకోం కదా" అంది.

అది ఎకసెక్కం కాదు, నిజంగా తెలియక అడిగిన ప్రశ్న. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. లోపల చూపించే అడవీ, వాళ్ల ఊరి చుట్టూ ఉన్న అడవీ కాగితం మీద ఒకటే. మరి ఒక చోట మనం సందర్శకులం, ఇంకో చోట కాపురస్తులం ఎట్లా అయ్యాం? ఈ వ్యాసం ఆ అమ్మాయికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు. బడి పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లే తోటి ఉపాధ్యాయులకు కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

సందర్శకులకు కనిపించేది కొంచెమే. పెద్ద జలాశయం, నీళ్ల మధ్య దీవులు, అద్దాల మేడ, జింకల పార్కు, పడవ షికారు. అదృష్టం బాగుంటే ఒడ్డున ఎండకు పడుకున్న మొసలి. అసలు అభయారణ్యం మాత్రం దాదాపు 635 చదరపు కిలోమీటర్లు. పాల్వంచ నుంచి ఆళ్లపల్లి, గుండాల వైపు కొండల మీదుగా పరుచుకుని ఉంది. అందులో దుప్పి, కణుజు, నాలుగు కొమ్ముల కొండగొర్రె, అడవిదున్న, ఎలుగుబంటి, చిరుత ఉన్నాయి. పుస్తకాల్లో దీన్ని శుష్క ఆకురాల్చే అడవి అంటారు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మొర్రి, వెదురు. వానాకాలంలో చూసినవాళ్లు ఇది ఎండు అడవి అంటే నమ్మరు. మాఘం దాటితే ఆకంతా రాలిపోతుంది, కొండలు ఎముకలు తేలినట్టు కనిపిస్తాయి. అప్పుడు మోదుగు పూస్తుంది, వెనకాలే ఇప్ప రాలుతుంది. ఎండలు ముదిరేసరికి వాగుల్లో అక్కడక్కడా మడుగులు మాత్రమే మిగులుతాయి.

ఈ మడుగుల సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఎండు అడవిలో నీళ్లున్న చోటే ఊరు కట్టుకున్నాం, నీళ్లున్న చోటికే దుప్పి వచ్చింది, దాని వెనక చిరుత వచ్చింది. మనమూ జంతువులూ ఒకే మడుగు దగ్గర బతికినవాళ్లం. మనిషి ఒక పక్క, అడవి జంతువు ఇంకో పక్క అని గీత గీసి ఆలోచించడం బయటి నుంచి వచ్చిన పద్ధతి. మేడారం కథే చూడండి. కోయదొరలకు పసిబిడ్డ సమ్మక్క దొరికింది ఎక్కడ? అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ. పులి కాచిన బిడ్డను ఇంటికి తెచ్చుకుని తల్లిగా కొలుస్తున్నవాళ్లం మనం. కిన్నెరసాని కూడా ఆ మేడారం, తాడ్వాయి కొండల్లోనే పుడుతుంది. గుండాల అడవుల గుండా దిగి, పాల్వంచ పక్కగా పోయి, ముర్రేడు వాగును కలుపుకుని, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. పగిడిద్దరాజుకు యాపలగడ్డలో ఆరెం వంశం వాళ్లు చేసే జాతర కూడా ఈ గుండాల మండలంలోనిదే. అంటే మన వేల్పుల దారి, ఏటి దారి దాదాపు ఒకటే.

తెలుగు చదువుకున్న లోకానికి ఈ ఏరు విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' ద్వారా తెలుసు. అత్త పోరు పడలేక కోడలు ఏరై పారిందని, భర్త రాయైపోయాడని కథ. ఆ పాటలకు పేరు రావడం న్యాయమే. కానీ వాటిని చదివిన వాళ్లలో చాలామందికి ఏరు తెలుసు గానీ, ఏటి ఒడ్డు ఊళ్లు తెలియవు. ఆ ఊళ్ల కథ మనమే రాసుకోవాలి.

ఆ కథ గోదావరి దగ్గర మొదలుపెట్టాలి. ఎందుకంటే మన అడవిని మొదట రెండుగా చీల్చింది గోదావరి కాదు, గోదావరిని సరిహద్దుగా వాడుకున్న ప్రభువులు. పాల్వంచ సంస్థానం ఒకప్పుడు ఏటికి రెండు వైపులా ఉండేది. రెండు గట్ల మీదా మన గూడేలే, మన చుట్టాలే. 1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేసింది. భద్రాచలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరింది. 1874లో అక్కడి నుంచి తీసి మద్రాసు రాజ్యంలోని గోదావరి జిల్లాలో కలిపారు. కుడి గట్టున ఉన్న పాల్వంచ, కొత్తగూడెం అడవులు నిజాం కిందే ఉండిపోయాయి. ఒకే ఇంటిపేరు వాళ్లు, ఒకే గట్టు వాళ్లు పడవ దాటితే ఇంకో రాజు కిందికి పోయినట్టు లెక్క.

ఇది పటాల మీద జరిగిన మార్పే అనుకోవద్దు. భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వైపు సెంట్రల్ ప్రావిన్సెస్ రోజుల్లో పోడుకు గొడ్డలి లెక్కన పన్ను ఉండేది. గొడ్డలికి నాలుగణాలు. మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చాక ఆ పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లో పోడు కొట్టడానికే వీల్లేదన్నారు. 1879లో రంపలో తిరుగుబాటు లేచినప్పుడు అది రేకపల్లికి పాకడానికి అదే కారణం. అంబుల్‌రెడ్డి నాయకత్వంలో అక్కడి కొండరెడ్లు, కోయలు లేచారు. పాఠ్యపుస్తకంలో రంప అంటే అల్లూరి సీతారామరాజు, 1922 మాత్రమే ఉంటుంది. దానికి నలభై ఏళ్ల ముందే పోడు పన్ను మీద, అడవి మూసివేత మీద మన అడవిలోనే పోరాటం జరిగిందని ఎంతమంది ఉపాధ్యాయులు చెబుతున్నాం? నేనూ చాలా ఏళ్లు చెప్పలేదు. నాకే తెలియదు.

నిజాం వైపు సంగతి ఇంకో రకం. అక్కడ అడవి అంటే కలప, అడవి అంటే షికారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులుల వేటకు పేరుపడ్డవాడు. ఆ కాలం ఫొటోల్లో చచ్చిన పులి పక్కన తుపాకులతో దొరలు నిలబడి ఉంటారు. పులిని తరిమి తుపాకీ ముందుకు తెచ్చిన మనుషులు ఒక మూల ఉంటారు, లేదా అసలు ఉండరు. హాకా వేటకు డప్పులు కొట్టి జంతువును లేపే పని ఎక్కడ చూసినా అడవి జనానిదే. దానికి కూలి ఉండదు, అది వెట్టి. మన దగ్గర జంగ్లాతోళ్లు అనే మాట ఆ కాలం నుంచి వచ్చిందే. జంగ్లాతోడు ఊళ్లోకి వచ్చాడంటే కోడి, నెయ్యి, మామూలు సిద్ధం చేయాలి. మా తాత ఆ మాట అన్నప్పుడల్లా గొంతు తగ్గించేవాడు. నేను ఊహ తెలిసి విన్న కాలానికి రాజ్యం పోయి ముప్పై ఏళ్లయింది, గొంతు తగ్గించే అలవాటు మాత్రం పోలేదు.

1940లో ఆసిఫాబాద్ అడవుల్లో కొమురం భీము పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వానికి అడవి జనం సంగతి పట్టించుకోక తప్పలేదు. హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఆ కాలంలోనే మన వైపు తిరిగాడు. ఆయన కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో వచ్చింది. దాని పేరులో బైసన్ హిల్స్ అని ఉంటుంది, అంటే అడవిదున్నల కొండలు. ఇంగ్లీషు వాళ్లు పాపికొండలను అట్లా పిలిచేవారు. కలప కాంట్రాక్టర్ల అప్పుల్లో కొండరెడ్లు ఎట్లా చిక్కుకున్నారో ఆయన కళ్లారా చూసి రాశాడు. అదే 1945లో హైదరాబాదు రాజ్యానికి కొత్త అడవి చట్టం కూడా వచ్చింది. ఒక చేత్తో మన కష్టాలు రాయించుకుని, ఇంకో చేత్తో అడవికి తాళం వేసుకున్నారన్నమాట. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని ఖమ్మం జిల్లాలో కలిపాక గానీ రెండు గట్లూ ఒక జిల్లా కిందికి రాలేదు. తొంభై తొమ్మిదేళ్లు విడిపోయి ఉన్నాం.

అడవిదున్న సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. మన కొమ్ము నృత్యం అందరికీ తెలుసు. స్వాతంత్ర్య దినోత్సవానికి, మంత్రులు వచ్చినప్పుడు, మేడారం జాతరకు మన వాళ్లు కొమ్ముల కిరీటాలు పెట్టుకుని, డోలు కొట్టుకుంటూ ఆడతారు. చూసినవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. ఆ కొమ్ములు అడవిదున్నవి. భద్రాచలం అవతల మా మేనమామ ఇంట్లో అటక మీద పాత గుడ్డలో చుట్టి ఒక జత ఉండేది. తాత ముత్తాతల నాటిది. పండుగనాడు తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు. ముట్టుకునే ముందు సాక పోసేవారు. ఆ దున్నను ఎవరు కొట్టారో, ఏ కొండ మీద కొట్టారో, దాని మాంసం ఏ ఏ ఊళ్లు పంచుకున్నాయో మా అమ్మమ్మ వరసగా చెప్పేది. చంపిన జంతువుకు అంత పెద్ద జ్ఞాపకం పెట్టుకున్న షికారు దొర నాకు చరిత్రలో కనిపించలేదు.

విత్తనాల పండుగకు మన మగవాళ్లు వేటకు పోవడం ఆనవాయితీ. అది పంట మొదలుపెట్టే ముందు భూమికి, వేల్పుకు చెల్లించే మొక్కు. వేట దొరికితే ఊరంతా వాటాలు. ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్ల ఎగతాళి తప్పదు. మన పడిగెల మీద చూడండి, ఎన్ని జంతువులు, ఎన్ని పక్షుల బొమ్మలు ఉంటాయో. డోలీలు ఆ గుడ్డ విప్పి వంశం కథ చెబుతుంటే జంతువులు కూడా మన చుట్టాల్లాగే వస్తాయి. అయితే వేటాడిన ప్రతివాడూ అడవిని కాపాడాడని నేను అనను. అది అబద్ధం అవుతుంది. కానీ దొర షికారు వేరు, ఊరి వేట వేరు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ రెంటినీ ఒకే మాటతో రద్దు చేసింది. దొరలకు పోయింది ఒక సరదా. మనకు పోయింది ఒక పండుగలో సగం. ఆ చట్టం కోరుతూ మొదట తీర్మానాలు చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ తీర్మానం సంగతి మన గూడేల్లో ఎవరికి తెలుసు?

ఆ చట్టం ప్రకారం కొమ్ములూ తోళ్లూ ఇంట్లో ఉంటే అధికారులకు చెప్పి కాగితం తీసుకోవాలి. 2003లో ఇంకోసారి ఆర్నెల్లు గడువిచ్చారు. మా మేనమామకు ఆ రెండు గడువులూ తెలియవు. ఆయన పిల్లలు ఇప్పుడు పశువుల కొమ్ములతో కిరీటం కట్టుకుని ఆడుతున్నారు. ఆట ఆగలేదు, అది సంతోషమే. కానీ కొమ్ము మారినప్పుడు దాని వెనక కథ చెప్పడం కూడా ఆగిపోయింది.

ఇప్పుడు డ్యామ్ దగ్గరికి వద్దాం. చాలామంది పిల్లలు డ్యామ్‌ను అభయారణ్యం కోసం కట్టారనుకుంటారు, జంతువులకు నీళ్లు అని. కాదు. దీన్ని కట్టింది పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లివ్వడానికి. ఆ కేంద్రంలో మొదటి యూనిట్ 1966లో మొదలైంది. బొగ్గు సింగరేణి నుంచి, నీళ్లు కిన్నెరసాని నుంచి. బొగ్గు కథ ఇంకా పాతది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు వైపు బొగ్గు జాడ కనుక్కున్నాడు. 1889 నుంచి తవ్వకం సాగింది. అంటే అభయారణ్యం అనే మాట మన అడవి మీద పడక ముందే ఒక పక్క గని, ఇంకో పక్క డ్యామ్, మధ్యలో పొగగొట్టాలు వచ్చేశాయి. లోయలోని అడవి, వాగు గట్టు నీటి కిందికి పోయాయి. నిండితే 407 అడుగుల మట్టం వరకు నిలిచే ఆ నీళ్లలోనే ఇవాళ మొసళ్లు బతుకుతున్నాయి, వాటిని చూడటానికే మనం టికెట్టు కొంటున్నాం.

1969 తెలంగాణ ఉద్యమం నిప్పు రాజుకున్నది కూడా ఈ థర్మల్ కేంద్రం దగ్గరే. స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయని పాల్వంచలో గొడవ మొదలై రాష్ట్రమంతా పాకింది. స్థానికులు అన్న మాటలో కోయ ఇళ్లు ఎన్ని ఉన్నాయో, ఎంతమందికి ఆ గేటు లోపల ఉద్యోగం దొరికిందో లెక్క తీయడం మన డిగ్రీ పిల్లలు ఎవరైనా చేపట్టదగ్గ పని. 2024 ఆగస్టులో ఆ పాత కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఎన్నో ఏళ్లు పాల్వంచ గుర్తుగా నిలబడ్డవి కొన్ని క్షణాల్లో దుమ్మయ్యాయి. మా పిల్లలు ఆ వీడియో ఫోన్లో పదిసార్లు చూశారు. అరవై ఏళ్లు నిండకుండానే ఆ కేంద్రం పని అయిపోయింది. దాని కోసం మునిగిన లోయ మాత్రం మునిగే ఉంది.

1977లో కిన్నెరసాని అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. మనకు ఉత్తరాన ఉన్న ఏటూరునాగారం, పాకాల అప్పటికే అభయారణ్యాలు. చట్టంలో ఒక పద్ధతి ఉంది. ఉపాధ్యాయులు దీన్ని శ్రద్ధగా చదవాలి. ప్రభుత్వం ఒక అడవిని అభయారణ్యంగా ప్రకటించాక, లోపలి ఊళ్లకు, చుట్టుపక్కల ఊళ్లకు కలెక్టరు ఆ సంగతి ప్రాంతీయ భాషలో చాటించాలి. హక్కులున్నవాళ్లు రెండు నెలల్లో చెప్పుకోవాలి. కలెక్టరు విచారణ చేసి ఏ హక్కు ఉంచాలో, దేనికి పరిహారం ఇవ్వాలో తేల్చాలి. ఆ మధ్యలో వారసత్వంగా వచ్చేవి తప్ప కొత్త హక్కులేవీ పుట్టవు. మంచి పద్ధతే. కానీ ప్రాంతీయ భాష అంటే తెలుగు. ఇంట్లో కోయ మాట్లాడే ఊళ్లో, 1977లో, గోడకు అంటించిన తెలుగు కాగితం చదవగలిగినవాళ్లు ఎంతమంది? మా ఊళ్లో అప్పటికి బడే లేదు.

దేశంలో చాలా అభయారణ్యాల్లో ఈ విచారణ ఏళ్ల తరబడి సాగుతూనే పోయింది. ఎంతగా అంటే, 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు కలుగజేసుకుని, ఏడాదిలోగా పూర్తి చేయాలని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. చట్టం వచ్చిన పాతికేళ్లకు! ఈలోపు మనం హక్కు ఉన్నవాళ్లమూ కాదు, లేనివాళ్లమూ కాదు. పట్టుకుంటే కేసు, పట్టుకోకపోతే బతుకు.

అదే కాలంలో అడవి చుట్టూ ఇంకేం జరుగుతోందో కూడా చూడాలి. 1975లో రాష్ట్రంలో అటవీ అభివృద్ధి సంస్థ పెట్టారు, నీలగిరి తోటలు వేశారు. 1979లో సారపాకలో కాగితం మిల్లు నడవడం మొదలైంది, దానికి వెదురు కావాలి. మా నాన్న తరం వాళ్లు వెదురు కొట్టే కూలికి పోయారు. లారీల్లో పోతే అది పరిశ్రమ. భుజం మీద నాలుగు బొంగులు ఇంటి కప్పుకు తెచ్చుకుంటే నేరం. నేను చిన్నప్పుడు ఒక గార్డు మా చిన్నాన్న గొడ్డలి లాక్కున్నాడు. గొడ్డలి విడిపించుకోవడానికి రెండు కోళ్లు, ఒక రోజు కూలి పోయాయి. మా నాయనమ్మ "పోయింది గొడ్డలి కాదు రా, పరువు" అన్నది. రేకపల్లిలో గొడ్డలికి నాలుగణాల పన్ను ఉండేదని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ గొడ్డలే.

2000 ఫిబ్రవరిలో ఇంకో దెబ్బ పడింది. అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో ఎండిపోయిన చెట్లు, పడిపోయిన కట్టె, గడ్డి వంటివి కూడా తీయనివ్వరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. చెట్లు కొట్టే మాఫియాను ఆపడమే ఆ ఉత్తర్వు ఉద్దేశం కావచ్చు. కిందికి వచ్చేసరికి అది ఆకు ఏరుకునే ఆడవాళ్ల మీద పడింది. మన ఎండాకాలం బతుకంతా తునికాకు మీదే కదా. యాభై ఆకులు ఒక కట్ట. తెల్లవారక ముందే పోయి, ఎండ ముదరక ముందే తిరిగొచ్చి, ఇల్లంతా కూర్చుని కట్టలు కట్టి, కల్లానికి మోయాలి. బడి బట్టలకు, పుస్తకాలకు డబ్బు ఆ పదిహేను ఇరవై రోజుల్లోనే కూడుతుంది. ఒకే గూడెంలో గీతకు ఇటు ఉన్న చెట్టు ఆకు కోయవచ్చు, అటు ఉన్న చెట్టు ఆకు కోయరాదు. ఆ గీత ఎక్కడుందో చెట్టుకూ తెలియదు, మనకూ తెలియదు.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అందులో ఒక ముఖ్యమైన సంగతిని మన వాళ్లలో చదువుకున్నవాళ్లు కూడా గమనించరు. అటవీ భూమి అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థంలో అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఉన్నాయి. అంటే కిన్నెరసాని లోపలి ఊరికి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడుకు హక్కు, చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు, ఊరి అడవిని కాపాడుకుని నిర్వహించుకునే సామూహిక హక్కు. వేటను మాత్రం ఆ చట్టం స్పష్టంగా పక్కన పెట్టింది. జంతువుల కోసం ఏదైనా చోటును పూర్తిగా ఖాళీ చేయించాలన్నా శాస్త్రీయంగా నిరూపించాలి, గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. గ్రామసభ ఒప్పుకోవాలన్న ఆ ఒక్క వాక్యం కోసం 1879 నుంచి ఎంతమంది పోయారో లెక్కలేదు.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2019 ఫిబ్రవరిలో తిరస్కరించిన దరఖాస్తుదారులను అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు అన్నది, దేశమంతా గగ్గోలు పుట్టాక ఆ నెలాఖరులోనే నిలిపేసింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది. మన జిల్లాకు అందులో పెద్ద వాటానే వచ్చింది. పట్టాల పండుగలో అందరం ఉన్నాం. సామూహిక అటవీ హక్కు పత్రం అడిగిన గ్రామసభలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా నాకు కనిపించలేదు. ఎవరి ముక్క వాళ్లు దక్కించుకున్నాం, ఊరి అడవిని అడగడం మర్చిపోయాం. ఈ తప్పు ప్రభుత్వానిది ఎంతో మనదీ అంతే.

తప్పుల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు చెప్పకపోతే ఈ వ్యాసం ఒంటి కంటిదవుతుంది. అడవిపందుల కోసం, పంట కోసం అని చెప్పి కరెంటు తీగలు పెడుతున్న కుర్రాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఆ తీగకు దుప్పీ పోతుంది, మన మనిషీ పోతున్నాడు. ఊరు పంచుకునే వేట అది కాదు, దానికి పండుగ లేదు, సాక లేదు. రాత్రికి రాత్రే మాంసం అమ్మేస్తున్నారు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు కొండ మీదికి ఎక్కుతోంది. పెద్దలు చెట్టు కింద ఊడ్చి, ఆకు ఒక పక్క పోగేసి కాల్చేవాళ్లు, ఆరేదాకా అక్కడే ఉండేవాళ్లు. ఇప్పుడు అగ్గిపుల్ల గీసి వెళ్లిపోతున్నాం. ఈ మధ్య సంవత్సరాల్లో గోదావరి వైపు అడవుల నుంచి పులి మళ్లీ మన వైపు వచ్చిపోతోంది. సమ్మక్కను ఆడించిన పులికి మనం పెట్టేది కరెంటు తీగైతే, మేడారంలో బెల్లం ఎందుకు పెడుతున్నట్టు?

రెండోది ఇంకా కష్టమైన మాట. 2005 తర్వాత సల్వాజుడుం భయానికి ఛత్తీస్‌గఢ్ నుంచి ఎన్నో కుటుంబాలు మన అడవుల్లోకి వచ్చాయి. గుత్తికోయలు అంటున్నాం వాళ్లను. మాట కొంచెం వేరు, గట్లు కలుస్తాయి, వేల్పులు కలుస్తాయి. కటాఫ్ తేదీ తర్వాత వచ్చారు కాబట్టి వాళ్ల పోడుకు హక్కు లేదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక అటవీ రేంజి అధికారిని చంపేశారు. ఆ చావు ఎవరికీ మంచి చేయలేదు. ఆయన ఇంటికీ చేయలేదు, ఆ గూడేనికీ చేయలేదు. ఆ తర్వాత మన వాళ్లలో కొందరు "వాళ్లు మేం కాదు" అనడం మొదలుపెట్టారు. 1860లో గోదావరి మీద గీత గీసినప్పుడు కూడా అవతలి గట్టు వాళ్లు మనవాళ్లు కాదని ఎవరైనా అని ఉంటారా? ఆ రాత్రి గార్డుల్లోనూ, ఇవాళ బీట్ ఆఫీసర్లలోనూ మన బడుల్లో చదివిన పిల్లలే ఉన్నారని కూడా మరచిపోకూడదు. ఖాకీ తొడుక్కున్న కోయ పిల్లవాడు తన ఊరి ముసలమ్మ కట్టెల మోపు ముందు ఏం చేయాలో ఏ శిక్షణలోనూ చెప్పరు.

ఇక అభయారణ్యం అంటే ఎంత గట్టి గీతో తెలుసుకోవాలంటే గోదావరి దిగువకు చూడాలి. పాపికొండల అభయారణ్యాన్ని 2008లో జాతీయ పార్కును చేశారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి. లోపల కట్టె తెచ్చుకోవడం తప్పు. కానీ పోలవరం కోసం ఆ లోయలోకే నీళ్లు రావచ్చు. దాని కోసమే 2014లో భద్రాచలం చుట్టూ ఉన్న మన మండలాలను తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం ఇటు, చుట్టుపక్కల ఊళ్లు అటు. 1860 నాటి గీత మళ్లీ ఇంకో రూపంలో వచ్చింది. ముసలమ్మ మోపుకు ఆగని గీత లేదు, ఆనకట్టకు ఆగిన గీతా లేదు.

మళ్లీ మా యాత్రకు వస్తాను. పిల్లలు జింకల్ని చూశారు. మొసలి కనిపించలేదని కొంచెం చిన్నబుచ్చుకున్నారు. డ్యామ్ దగ్గరున్న గిరిజన క్రీడా పాఠశాల పిల్లలు మైదానంలో పరుగెడుతుంటే చూసి మావాళ్లూ పరుగు పందెం పెట్టుకున్నారు. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాం. తిన్నాక నోటుపుస్తకాల్లో "చూసినవి" రాయమన్నాను. ఏటా ఇదే పని చెబుతాను. ఏటా అదే పట్టిక వస్తుంది: జింక, నెమలి, పడవ, డ్యామ్.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఇంతే. ఈసారి వెళ్లే ముందు పిల్లల చేత ఇంట్లో మూడు సంగతులు అడిగించండి. మా ఊరి కొండల పేర్లు ఏమిటి, ఎండాకాలంలో ఏ మడుగులో నీళ్లుంటాయి, మన వంశం ఏ గట్టు, ఏ వేల్పు. ఆ కాగితం జేబులో పెట్టుకుని బస్సెక్కించండి. డ్యామ్ మీద నిలబెట్టి, ఎవరి ఊరు ఏ దిక్కున ఉందో చెయ్యి చాపి చూపమనండి. ఊరికి తిరిగి వెళ్లాక గ్రామసభలో ఎవరైనా అటవీ హక్కుల కమిటీ ఉందా అని అడిగితే ఆ కాగితమే సాక్ష్యానికి మొదటి పేజీ అవుతుంది. పెద్దవాళ్లు చెప్పిన మాట కూడా ఆ చట్టం కింద ఆధారమే. దాన్ని రాసి పెట్టుకోకపోవడమే మన లోటు.

టికెట్టు గురించి అడిగిన అమ్మాయి అందరి కంటే ఆలస్యంగా పుస్తకం ఇచ్చింది. బస్సు కదిలాక తెరిచి చూశాను. జింక అని రాసింది, కరెంటు టవర్లు అని రాసింది, నీళ్లు అని రాసింది. నాలుగో వరుసలో, "ఆ పక్క కొండ వెనక మా మేనత్త వాళ్ల ఊరు, కనిపించలేదు గానీ ఉంది" అని రాసింది.